27 దేశాలు, ఒక గడువు తేదీ

ముసాయిదా వస్తుంది. మామూలుగా రెండు పేజీలు మించదు. చివర్లో ఒక లైను ఉంటుంది: ఫలానా రోజు మధ్యాహ్నం 12 గంటల్లోపు అభ్యంతరం రాకపోతే ఇది ఆమోదం పొందినట్టే. యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల విదేశాంగ శాఖలకూ ఈ సందేశం ఒకేసారి చేరుతుంది. దాన్ని మోసే నెట్‌వర్క్ పేరు కోరూ. 1970ల్లో టెలెక్స్ మీద మొదలై ఇప్పుడు ఎన్‌క్రిప్టెడ్ మెసేజింగ్‌గా మారింది. గడువు దాటేదాకా ఎవరూ నోరు విప్పకపోతే ఆ రెండు పేజీలూ యూనియన్ విధానం అయిపోతాయి. మౌనం అర్ధాంగీకారం అంటాం. ఇక్కడ పూర్తి అంగీకారమే. సభ్యదేశాల మంత్రులు కూర్చునే కౌన్సిల్ నియమావళిలోని 12వ నిబంధనే ఈ పద్ధతికి చోటిచ్చింది.

ఈయూ ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం గురించి రాసేవాళ్లు చాలామంది వీటో దగ్గర ఆగిపోతారు. ఒక్క దేశం అడ్డుపడితే అంతా ఆగిపోతుందని తేల్చేస్తారు. అది సగం నిజం. ఆ ఒక్క దేశం ఎప్పుడు అడ్డుపడగలదు, అడ్డుపడితే దానికి ఏం దక్కుతుంది, మిగతా 26 ఎటునుంచి తిరిగి వెళ్లగలవు అన్నవి కాగితం మీద ఏ తేదీ వేశారో, యూనియన్ ఒప్పందాల్లోని ఏ ఆర్టికల్ కింద రాశారో దాన్నిబట్టి ఉంటాయి. ఈ పోస్టు ఆ కాగితాల గురించి.

అభ్యంతరం చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. "మాకు కుదరదు" అని రాసి ఊరుకుంటే రెండోసారి ఎవరూ పట్టించుకోరు. మూడో పేరాలో ఫలానా మాట తీసేసి ఫలానా మాట పెట్టండి అని ప్రత్యామ్నాయ వాక్యంతో సహా పంపాలి. రాసిన డెస్కు సరిచేసి మళ్లీ తిప్పుతుంది. ఈసారి గడువు ఇంకా తక్కువ, ఒక్కోసారి రెండు మూడు గంటలే. ఇందులో దొర్లే తప్పులు చాలా మామూలువి. బ్రస్సెల్స్‌లో ఉన్న దౌత్యవేత్తకు రాజధాని నుంచి సూచనలు అందేలోపే గడువు దాటిపోవచ్చు. లేదా రెండు దేశాలు రెండు వేర్వేరు మార్పులు అడుగుతాయి, రెండూ పెడితే వాక్యానికి అర్థం మిగలదు. అందుకే చెయ్యి తిరిగిన డ్రాఫ్టర్ ఎవరు ఎక్కడ పేచీ పెడతారో ముందే ఊహించి, వదులుకోవడానికి వీలుగా ఒకటి రెండు మాటలు అదనంగా వేసి ఉంచుతాడు. "తీవ్రంగా ఖండిస్తున్నాం"లోని "తీవ్రంగా" చాలాసార్లు అందుకే ఉంటుంది.

ప్రకటన బయటికొచ్చాక ముందు శీర్షిక చదవండి. హై రిప్రజెంటేటివ్ అంటే యూనియన్‌కు విదేశాంగ మంత్రి లాంటి పదవి. "యూరోపియన్ యూనియన్ తరఫున హై రిప్రజెంటేటివ్ డిక్లరేషన్" అని ఉంటే 27 దేశాలూ ప్రతి మాటకూ ఒప్పుకున్నట్టు. "హై రిప్రజెంటేటివ్ స్టేట్‌మెంట్" అని మాత్రమే ఉంటే అది ఆ పదవిలో ఉన్న వ్యక్తి పేరు మీద వచ్చింది. ఏకాభిప్రాయం కుదరకపోయి ఉండొచ్చు, అంతసేపు ఆగే వ్యవధి లేకపోయి ఉండొచ్చు. "అధికార ప్రతినిధి స్టేట్‌మెంట్" ఇంకో మెట్టు కింద. 2021 మే 18న గాజా కాల్పుల విరమణ మీద హంగరీ ఒప్పుకోకపోతే అప్పటి హై రిప్రజెంటేటివ్ జోసెప్ బొరెల్ మిగతా 26 దేశాల మాటను తన నోటితో చెప్పారు. 2025 మార్చి 6న ఇంకో రూపం పుట్టింది. దేశాధినేతల స్థాయి యూరోపియన్ కౌన్సిల్‌లో ఉక్రెయిన్ మీద రాసిన పాఠాన్ని 27లో 26 మంది నేతలు గట్టిగా బలపరిచారని చెప్పి విడిగా విడుదల చేశారు. రాజకీయంగా బరువున్న కాగితమే, కానీ దాన్ని యూరోపియన్ కౌన్సిల్ తీర్మానం అనలేం.

డిక్లరేషన్ అడుగున ఇంకో పేరా ఉంటుంది, చాలామంది చదవరు. యూనియన్‌లో చేరాలని క్యూలో ఉన్న దేశాల్లో ఏవి ఈ డిక్లరేషన్‌తో గొంతు కలిపాయో అక్కడ రాస్తారు. ఉన్న పేర్ల కన్నా లేని పేరే ఎక్కువ చెబుతుంది. రష్యా మీద డిక్లరేషన్లలో ఆ పేరాలో సెర్బియా తరచూ కనిపించదు.

ఒప్పుకోని విషయాన్ని ఒప్పుకోకుండానే రాయడం ఎలాగో చూడాలంటే ఏదైనా ఈయూ పత్రంలో కొసావో అన్న మాట వెతకండి. పక్కన చుక్క గుర్తు (*) ఉంటుంది. కిందికి వెళితే ఫుట్‌నోట్: ఈ పేరు వాడినంత మాత్రాన హోదా విషయంలో ఎవరి వైఖరికీ భంగం లేదు, ఇది భద్రతామండలి 1244 తీర్మానానికీ, స్వాతంత్ర్య ప్రకటన మీద అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయానికీ అనుగుణం. స్పెయిన్, గ్రీస్, రొమేనియా, స్లొవేకియా, సైప్రస్ ఇప్పటికీ కొసావోను దేశంగా గుర్తించలేదు. ఆ చుక్క లేకపోతే ఆ ఐదుగురిలో ఎవరో ఒకరు ముసాయిదాను వెనక్కి తిప్పుతారు. పాము చావకుండా కర్ర విరగకుండా ఆ ఫుట్‌నోట్‌తో పదేళ్లకు పైగా బండి నడుస్తోంది.

మెట్లు

కాగితం కింద నుంచి పైకి ఎక్కుతుంది. మొదట ప్రాంతాల వారీ వర్కింగ్ గ్రూపు. తర్వాత పీఎస్‌సీ, అంటే రాజకీయ భద్రతా కమిటీ. 27 మంది రాయబారులు మామూలుగా వారానికి రెండుసార్లు కూర్చుంటారు. దానికి ముందు నికొలైడిస్ అనే చిన్న గ్రూపు కలిసి ఎవరు ఏ అంశం మీద మాట్లాడబోతున్నారో, ఎక్కడ గొడవ రాబోతుందో లెక్క తీస్తుంది. చట్టపరమైన, ఆర్థికపరమైన వివరాలు రెలెక్స్ అనే విదేశీ సంబంధాల గ్రూపులోని కౌన్సెలర్ల పని. ఆ పైన శాశ్వత ప్రతినిధుల కమిటీ కోరెపర్. దాని పైన విదేశాంగ మంత్రుల మండలి, సుమారు నెలకోసారి.

మంత్రుల ఎజెండాలో రెండు భాగాలుంటాయి. "ఏ" అంశాలు కింది మెట్ల మీదే తేలిపోయినవి, చర్చ లేకుండా గడిచిపోతాయి. "బీ" అంశాలకే చర్చ. "ఏ" అంశాన్ని ఏ శాఖ మంత్రుల సమావేశంలోనైనా ఆమోదించొచ్చు. కాబట్టి ఒక విదేశాంగ నిర్ణయానికి వ్యవసాయ మంత్రులు చేతులెత్తడం ఇక్కడ వింతేమీ కాదు.

కుర్చీ ఎవరిదన్నది కూడా ముఖ్యమే. మంత్రుల మండలికి హై రిప్రజెంటేటివ్ అధ్యక్షత వహిస్తారు. పీఎస్‌సీకి యూనియన్ దౌత్య విభాగం మనిషి. కోరెపర్, రెలెక్స్ మాత్రం ఆరు నెలలకోసారి మారే అధ్యక్ష దేశం చేతిలో ఉంటాయి. అంటే ఒకే ఫైలు దారి మధ్యలో అధ్యక్షుణ్ని మారుస్తుంది. ఎజెండా మీద పట్టు కూడా దాంతోపాటే మారుతుంది.

ఈ మెట్లన్నీ ఉన్నా పెద్ద చీలికను ఆపలేవు. 2003 జనవరి 27న మంత్రులు ఇరాక్ మీద ఒక ఉమ్మడి పాఠానికి ఒప్పుకున్నారు. జనవరి 30న ఎనిమిది దేశాల నేతలు అమెరికాకు మద్దతుగా పత్రికల్లో లేఖ రాశారు. వాళ్లలో ఐదుగురు అప్పటికే సభ్యదేశాల నేతలు. మూడు రోజులు కూడా నిలవలేదు. రాజధానులు నిజంగా వేర్వేరు దిక్కులు కోరుకున్నప్పుడు కమిటీ ఏం చేయగలదు? రోజువారీ వ్యవహారాల్లో, అంటే ఇరవై దేశాలకు పెద్దగా పట్టని, రెండు మూడు దేశాలకు ప్రాణం మీదకొచ్చే విషయాల్లో, ఇది అందరూ అనుకునేదానికన్నా బాగా పనిచేస్తుంది.

ఆంక్షలు

అసలు కసరత్తంతా ఇక్కడే. బయటినుంచి ఒకే నిర్ణయంలా కనిపించినా చట్టపరంగా రెండు ఉంటాయి. మొదటిది ఆర్టికల్ 29 కింద కౌన్సిల్ నిర్ణయం, దీనికి ఏకగ్రీవం కావాలి. ప్రయాణ నిషేధాలకూ ఆయుధాల నిషేధానికీ ఇది చాలు, అమలు సభ్యదేశాలది. డబ్బునూ వ్యాపారాన్నీ ముట్టుకోవాలంటే రెండోది కావాలి: ఆర్టికల్ 215 కింద రెగ్యులేషన్. దీన్ని హై రిప్రజెంటేటివ్, యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన కమిషన్ కలిసి ప్రతిపాదిస్తారు, మెజారిటీతో గడుస్తుంది, యూనియన్ మొత్తం మీద బ్యాంకులకూ కంపెనీలకూ నేరుగా వర్తిస్తుంది. రష్యా విషయంలో ఇలాంటి జంటలు ప్రధానంగా రెండు. వ్యక్తులు, సంస్థల జాబితాకు నిర్ణయం 2014/145, రెగ్యులేషన్ 269/2014. చమురు, బ్యాంకింగ్, సాంకేతిక పరికరాల వంటి రంగాలకు నిర్ణయం 2014/512, రెగ్యులేషన్ 833/2014. రంగాల జంటలో గడువు తేదీ ఉండేది నిర్ణయంలోనే. ఏకగ్రీవం అవసరమైన కాగితం మీదే గడువు ఉందన్నమాట. దాని సంగతి మళ్లీ చెప్తాను.

జాబితాలో ఒక పేరు ఎక్కాలంటే ఫైల్లో ఏముండాలి? పూర్తి పేరు, స్థానిక లిపిలోనూ లాటిన్ లిపిలోనూ. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పౌరసత్వం, దొరికితే పాస్‌పోర్ట్ నంబరు. ఒకే రష్యన్ పేరును ఇంగ్లిష్ పత్రిక ఒకలా, ఫ్రెంచ్ వీసా కార్యాలయం ఇంకోలా రాస్తాయి. పుట్టిన తేదీ లేకపోతే బ్యాంకు సాఫ్ట్‌వేర్ అదే పేరున్న వేరే మనిషి ఖాతాను బిగించేస్తుంది, అసలు మనిషి జారిపోతాడు. తర్వాత కారణాల పేరా: ఏ ప్రమాణం కింద, ఏం చేసినందుకు. దాని వెనక ఆధారాల కట్ట.

ఈ కట్టలో నిఘా సంస్థల రహస్య పత్రాలు పెద్దగా ఉండవు. ఉండేవి పత్రికా కథనాలు, కంపెనీ రిజిస్టర్ల నకళ్లు, ప్రభుత్వ వెబ్‌సైట్ల స్క్రీన్‌షాట్లు. కారణం లగ్జెంబర్గ్‌లో ఉంది. విదేశాంగ విధానం మీద యూనియన్ న్యాయస్థానానికి అధికారం చాలా తక్కువ. కానీ జాబితాకెక్కిన వ్యక్తి కేసు వేస్తే విచారించే అధికారం ఉంది. 2008లో కాదీ అనే వ్యక్తి కేసులో వచ్చిన తీర్పు ఆ దారిని గట్టిపరిచింది. కోర్టులో చూపించలేని ఆధారం లేనట్టే లెక్క. వెబ్ పేజీలు రాత్రికి రాత్రి మాయమవుతాయి కాబట్టి లింకు ఒక్కటే పెట్టిన ఫైలు బలహీనమైన ఫైలు; తేదీ కనిపించేలా తీసిన నకలు ఉండాలి.

ఫైళ్లు కోర్టులో ఓడిపోయే తీరు చూస్తే పాఠం ఒకటే: కారణం పాతబడిపోవడం, లేదా బంధుత్వం మీదే నిలబడటం. రష్యా కిరాయి సేన వాగ్నర్ అధిపతి ప్రిగోజిన్ తల్లి విషయంలో 2023 మార్చిలో యూనియన్ న్యాయస్థానంలోని జనరల్ కోర్టు, తల్లి అయినంత మాత్రాన సరిపోదని కొట్టేసింది. ఆమెకు ఉందన్న కంపెనీ యాజమాన్యం అప్పటికే చేతులు మారింది. 2024 ఏప్రిల్‌లో రష్యా వ్యాపారవేత్తలు మిఖాయిల్ ఫ్రిడ్‌మన్, ప్యోత్ర్ అవెన్‌ల మొదటి జాబితా నిర్ణయాలు కూడా ఆధారాలు చాలవని రద్దయ్యాయి. "ఫలానా బోర్డులో సభ్యుడు" అని రాసిన మనిషి ఆ బోర్డుకు రాజీనామా చేస్తే, తర్వాతి పొడిగింపు నాటికి కారణాల పేరా కొత్తగా రాయాలి. రెండు వేలకు పైగా పేర్లకు ఆరు నెలలకోసారి ఈ తనిఖీ చేసే చేతులు తక్కువ. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో బలహీనమైన చోటు ఇదే, వీటో కన్నా ఎక్కువగా.

మొదటిసారి పేరు చేర్చేటప్పుడు ముందస్తు నోటీసు ఇవ్వరు. ఇస్తే సాయంత్రానికల్లా ఖాతా ఖాళీ అవుతుంది. పేరును కొనసాగించేటప్పుడు మాత్రం కొత్త కారణాలేమైనా ఉంటే ముందే తెలియజేసి జవాబు చెప్పుకునే అవకాశమివ్వాలి. పాఠాన్ని 24 అధికార భాషల్లో సిద్ధం చేసి అధికారిక గెజిట్‌లో వేస్తారు. చర్చలు ఎక్కువ రోజులు నడిస్తే పేర్లు పత్రికలకు పొక్కుతాయి, అప్పుడు వాటాలు భార్యాపిల్లల పేరు మీదకు జరిగిపోతాయి. జాబితాకెక్కిన వ్యక్తికి సగం లేదా అంతకు మించి వాటా ఉన్న కంపెనీని కూడా బ్యాంకులు స్తంభింపజేస్తాయి కాబట్టి వాటాను సగానికి కిందకు దించడం పాత ఎత్తు. అందుకే వాటాతో పాటు "నియంత్రణ ఎవరిది" అన్న ప్రశ్న కూడా నిబంధనల్లో ఉంది. కానీ నియంత్రణను రుజువు చేయడం వాటా లెక్కపెట్టినంత తేలిక కాదు.

అమలు మొత్తం దేశాల చేతిలోనే. కస్టమ్స్ వాళ్లు, బ్యాంకుల మీద నిఘా, శిక్షలు, అన్నీ జాతీయ వ్యవస్థలవే. ఒక దేశంలో జైలు శిక్ష పడే పనికి ఇంకో దేశంలో చిన్న జరిమానాతో సరిపోయేది. ఆ తేడాను తగ్గించడానికే 2024లో ఆంక్షల ఉల్లంఘనను నేరంగా నిర్వచించే డైరెక్టివ్ 2024/1226 తెచ్చారు, దేశాలు తమ చట్టాల్లోకి తీసుకోవడానికి 2025 మే 20 దాకా గడువిచ్చారు. మూడో దేశాల మీదుగా సరుకు తిరిగి రష్యా చేరడం మీద ఇంకో పట్టు వేశారు. యుద్ధభూమిలో దొరికిన ఆయుధాల్లో కనిపించిన చిప్పులు, భాగాల ఆధారంగా అమెరికా, బ్రిటన్, జపాన్‌లతో కలిసి 50 కస్టమ్స్ కోడ్‌ల ఉమ్మడి జాబితా తయారైంది. 2024 మార్చి 20 నుంచి కొన్ని సున్నితమైన సరుకుల అమ్మకం ఒప్పందాల్లో "రష్యాకు తిరిగి ఎగుమతి చేయరాదు" అన్న షరతు పెట్టడం తప్పనిసరి. షరతు కాగితం మీద ఉంటుంది, సరుకు మాత్రం మూడో చేతికి వెళ్లాక ఎవరి కంటికీ కనిపించదు.

ఇప్పుడు తేదీల సంగతి. రంగాల ఆంక్షలకు గడువు జనవరి 31, జూలై 31. వ్యక్తుల జాబితాకు మార్చి 15, సెప్టెంబర్ 15. ప్రతిసారీ 27 దేశాలూ ఒప్పుకుంటేనే పొడిగింపు. కొత్త ఆంక్ష పెట్టేటప్పుడు అడ్డుపడితే ఆ ఒక్క ఆంక్షే ఆగుతుంది. పొడిగింపు దగ్గర అడ్డుపడితే ఏళ్లుగా కట్టినదంతా కూలుతుంది. కాబట్టి బేరానికి బలమైన రోజు గడువుకు ముందు వారం. 2025 జనవరిలో హంగరీ ఇంధన భద్రత మీద ఒక ప్రకటన రాబట్టాకే, గడువుకు నాలుగు రోజుల ముందు, 27న పొడిగింపుకు ఒప్పుకుంది. మార్చిలో కొన్ని పేర్లు జాబితా నుంచి తీసేశాక 14న గట్టెక్కింది.

మరి ఆరు నెలలు అని ఎందుకు పెట్టారు? మొదట్లో ఆంక్షలంటే జంకే దేశాలను ఒప్పించడానికి అదే ధర. శాశ్వతం కాదు, మళ్లీ చూద్దాం అంటేనే చేతులు లేచాయి. ఆ రోజు ఒప్పందాన్ని సాధ్యం చేసిన నిబంధనే తర్వాత మెడకు చుట్టుకుంది.

అడ్డుపడే దేశం ఆ ఫైలు గురించే పట్టుబడుతోందని అనుకోకూడదు. 2020 ఆగస్టు 9న బెలారస్ ఎన్నికలు. ఆంక్షలు వేయాలన్న విషయంలో సూత్రప్రాయంగా భిన్నాభిప్రాయం లేదు. సైప్రస్ అడ్డుకుంది, దానికి కావాల్సింది టర్కీ మీద చర్య, తూర్పు మధ్యధరాలో గ్యాస్ అన్వేషణ గొడవ. బాల్టిక్ దేశాలు ఆగలేక ఆగస్టు 31నే సొంతంగా ప్రయాణ నిషేధాలు ప్రకటించాయి. చివరికి అక్టోబర్ 1, 2 తేదీల్లో దేశాధినేతలు టర్కీ గురించి గట్టి వాక్యాలు రాసిచ్చాక, 2న 40 మంది మీద ఆంక్షలు ఖాయమయ్యాయి.

రష్యా మీద 2022 నాటి ఆంక్షల ఆరో ప్యాకేజీలో బేరం ఆ ఫైల్లోపలే జరిగింది. కమిషన్ మే 4న రష్యా చమురు నిషేధం ప్రతిపాదించింది. సముద్రతీరం లేని హంగరీ, స్లొవేకియా, చెక్ రిపబ్లిక్‌లకు రష్యా నుంచి వచ్చే ద్రుజ్బా పైప్‌లైనే ప్రధాన ఆధారం. నాలుగు వారాల తర్వాత దొరికిన పరిష్కారం: ఓడల్లో వచ్చే చమురుకే నిషేధం, పైప్‌లైన్ చమురుకు మినహాయింపు, ముడి చమురుకు ఆరు నెలలు, శుద్ధిచేసిన ఉత్పత్తులకు ఎనిమిది నెలల గడువు. అంతా అయిపోయిందనుకున్నాక హంగరీ మాట మీద రష్యన్ ఆర్థడాక్స్ చర్చి అధిపతి కిరిల్ పేరు కూడా తీసేశారు. జూన్ 3న ఆమోదం.

వీటో చుట్టూ తిరిగి వెళ్లే దారులు

ఆర్టికల్ 31లో ఒక తలుపు ఉంది. ఓటుకు దూరంగా ఉన్నామని లాంఛనంగా ప్రకటిస్తే నిర్ణయం ఆగదు, ఆ దేశం మీద అమలు భారమూ పడదు. ఎదురు మాత్రం చెప్పకూడదు. దూరంగా ఉన్నవాళ్లు దేశాల్లో మూడో వంతు, జనాభాలో మూడో వంతు అయితే నిర్ణయం వీగిపోతుంది. 2008లో కొసావోకు పంపిన ఈయూలెక్స్ అనే పోలీసు, న్యాయ మిషన్ విషయంలో సైప్రస్ ఇలాగే పక్కకు జరిగింది. 2022 ఫిబ్రవరి 28న ఉక్రెయిన్‌కు 50 కోట్ల యూరోల సాయం ఇచ్చినప్పుడు, అందులో మారణాయుధాలకు ఉద్దేశించిన 45 కోట్ల విషయంలో ఆస్ట్రియా, ఐర్లాండ్, మాల్టా దూరంగా ఉన్నాయి. తమ వాటా డబ్బును ఆయుధాలు కాని సాయానికి మళ్లించాయి. లెక్క సరిపోయింది, తటస్థతా మిగిలింది.

ఆ డబ్బు వచ్చిన చోటు కూడా ఒక పక్కదారే. సైనిక చర్యల ఖర్చును యూనియన్ బడ్జెట్‌లో వేయకూడదని ఆర్టికల్ 41 అంటుంది. అందుకే 2021లో యూరోపియన్ పీస్ ఫెసిలిటీ అని బడ్జెట్ బయట నిధి పెట్టారు. జాతీయాదాయం దామాషాలో దేశాలు డబ్బు వేస్తాయి. సుమారు 500 కోట్ల యూరోల పరిమితితో మొదలై 1,700 కోట్లు దాటింది. కానీ ఆ నిధిలోంచి ప్రతి చెల్లింపుకూ మళ్లీ ఏకగ్రీవమే. హంగరీ కొన్ని వందల కోట్ల యూరోల చెల్లింపులను అక్కడే నిలిపేసింది.

అమలు నిర్ణయాలకు మెజారిటీ సరిపోతుందని ఆర్టికల్ 31లోనే ఉంది. అలవాటుగా వాడరు. ఏ దేశమైనా "జాతీయ విధానానికి ప్రాణాధారమైన కారణం" అంటే ఓటింగే ఉండదు. పైగా ఈరోజు వేరేవాళ్ల మీద మెజారిటీ వాడితే రేపు తమ మీద వాడతారన్న లెక్క చిన్న దేశాలన్నింటికీ ఉంటుంది. 2023 మేలో తొమ్మిది దేశాలు మెజారిటీ ఓటింగ్ కోసం ఒక మిత్రబృందం కట్టాయి. పద్ధతి మార్చాలంటే ఏకగ్రీవం కావాలి కాబట్టి పీటముడి అలాగే ఉంది.

పెద్ద అడుగు 2025 డిసెంబర్ 12న పడింది. స్తంభించిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులు సుమారు 210 బిలియన్ యూరోలు. అందులో పెద్ద భాగం బెల్జియంలో సెక్యూరిటీలను భద్రపరిచే సంస్థ యూరోక్లియర్‌లో ఉంది. ఆరు నెలల గడువులో ఒక్క దేశం కాదంటే అవి మాస్కోకు తిరిగి వెళ్లిపోయేవి. ఆర్థిక అత్యవసర పరిస్థితులకు ఉద్దేశించిన ఆర్టికల్ 122ను వాడి, మెజారిటీతో, గడువు లేకుండా వాటిని కట్టేశారు. హంగరీ, స్లొవేకియా వ్యతిరేకించాయి. ఫలితం బాగుంది. కానీ విదేశాంగ విషయాన్ని ఆర్థిక ఆర్టికల్ కిందకు తెచ్చిన ఉదాహరణ ఒకసారి ఏర్పడ్డాక, తర్వాత ఎవరు దేనికి వాడతారో చెప్పలేం. వీటోను దాటినందుకు చెల్లించిన ధర అది.

అన్నిటికన్నా చవకైన దారి 2023 డిసెంబర్ 14న కనిపించింది. ఉక్రెయిన్‌తో చేరిక చర్చలు మొదలుపెట్టే నిర్ణయం జరిగేటప్పుడు హంగరీ ప్రధాని ఓర్బాన్ గదిలోంచి బయటికెళ్లారు. గదిలో ఉన్న 26 మంది ఒప్పుకున్నారు. ఇది పదే పదే వాడగలిగే పద్ధతి కాదు, సొంత దేశంలో దాన్ని సమర్థించుకోగల నేతకే సాధ్యం.

ఓడలు, సైనికులు

సైనిక మిషన్‌కు మెట్లు ఎక్కువ. సంక్షోభ నిర్వహణ కాన్సెప్ట్, సైనిక ప్రత్యామ్నాయాలు, మిషన్‌ను స్థాపించే కౌన్సిల్ నిర్ణయం, ఆపరేషన్ ప్లాన్, కాల్పుల నిబంధనలు, చివరికి ప్రారంభించే ఇంకో నిర్ణయం. స్థాపన, ప్రారంభం వేర్వేరు అని గుర్తుంచుకుంటే వార్తలు సరిగ్గా అర్థమవుతాయి. ఎర్ర సముద్రంలో ఓడల రక్షణకు పెట్టిన ఆస్పిడెస్‌ను 2024 ఫిబ్రవరి 8న స్థాపించి 19న ప్రారంభించారు. ఈ వ్యవస్థకు అది మెరుపు వేగం. అంతకుముందు సొమాలియా తీరంలోని అటలాంటా మిషన్‌నే అటు విస్తరిద్దామంటే, దాని ప్రధాన కార్యాలయం ఉన్న స్పెయిన్ కాదంది. కొత్త మిషన్ పెట్టుకుంటే అడ్డు చెప్పనంది. అందుకే కొత్తది.

స్థాపించాక దేశాలను కూర్చోబెట్టి ఎవరు ఏమిస్తారని అడుగుతారు. ఇక్కడే గాలి తగ్గుతుంది. ఏకగ్రీవంగా చేతులెత్తిన 27లో ఓడ పంపేది నాలుగైదు. ఉమ్మడి ఖర్చుల్లో కార్యాలయం, సమాచార వ్యవస్థల వంటివే పడతాయి. ఓడ ఇంధనం, సిబ్బంది జీతాలు పంపిన దేశానివే. సుమారు 1,500 మందితో ఉండే బ్యాటిల్‌గ్రూపులు 2007 నుంచి వంతులవారీగా సిద్ధంగా ఉన్నా ఒక్కసారీ యుద్ధభూమికి వెళ్లకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. సంక్షోభం వచ్చినప్పుడు వంతు ఎవరిదైతే బిల్లు వాళ్లదే. ఏ ఆర్థిక మంత్రి ఒప్పుకుంటాడు?

లిబియాకు ఆయుధాలు చేరకుండా చూసే ఇరీనీ మిషన్‌లో ఇంకో విచిత్రం ఉంది. ఓడలు సముద్రంలో ఉంటే వలసదారులు ఎక్కువవుతారన్న భయంతో ఆస్ట్రియా, హంగరీ పట్టుబట్టాయి. అందుకే మోహరింపును ప్రతి నాలుగు నెలలకూ మళ్లీ ఖాయం చేసుకోవాలన్న షరతుతో 2020 మార్చిలో అది పుట్టింది. అదే ఏడాది నవంబర్ 22న రోజ్‌లీన్ ఏ అనే టర్కీ జెండా ఓడను తనిఖీ చేయాలనుకున్నారు. జెండా దేశానికి నాలుగు గంటల నోటీసు ఇచ్చారు, రోమ్‌లోని టర్కీ రాయబార కార్యాలయం అడిగితే ఇంకో గంట పొడిగించారు. జవాబు రాలేదు. మౌనాన్ని సమ్మతిగా తీసుకుని జర్మన్ సైనికులు హెలికాప్టర్ నుంచి ఓడ మీదకు దిగారు. తర్వాత టర్కీ కాదంది. తనిఖీ మధ్యలో ఆపేసి వెనక్కి వచ్చారు. కోరూలో పనిచేసే మౌనం సముద్రం మీద పనిచేయలేదు. అక్కడ ఆ నియమానికి టర్కీ ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

ఐక్యరాజ్యసమితిలో సమన్వయం గురించి రెండు ముక్కలు చాలు. న్యూయార్క్‌లో ఈయూ దేశాల ప్రతినిధులు ఏడాది పొడవునా సమన్వయ సమావేశాలు జరుపుతారు, చాలా తీర్మానాల మీద ఒకే ఓటు వేస్తారు. కానీ ఓటు ఎప్పటికీ దేశానిదే, యూనియన్‌ది కాదు. 2023 అక్టోబర్ 27న జనరల్ అసెంబ్లీలో గాజా తీర్మానం మీద ఎనిమిది దేశాలు అవునన్నాయి, నాలుగు కాదన్నాయి, పదిహేను దూరంగా ఉన్నాయి. డిసెంబర్ 12న అదే సభలో పదిహేడు అవును, రెండు కాదు, ఎనిమిది దూరం. ఆరున్నర వారాల్లో వచ్చిన ఈ మార్పు బ్రస్సెల్స్ సాధించింది కాదు, రాజధానులు విడివిడిగా మారాయి.

ఇక నాటోతో సంబంధం. సభ్యుల్లో ఎక్కువమంది ఉమ్మడి, రెండు ప్రధాన కార్యాలయాలూ బ్రస్సెల్స్‌లోనే. 2003లో కుదిరిన బెర్లిన్ ప్లస్ ఏర్పాటు ప్రకారం ఈయూ తన మిషన్‌కు నాటో ప్రణాళికా వ్యవస్థను వాడుకోవచ్చు. బోస్నియాలో 2004 డిసెంబర్‌లో మొదలైన ఆల్థియా అలాగే నడుస్తోంది. దానికి ప్రతి నవంబర్‌లో భద్రతామండలి అనుమతి కూడా కావాలి, అక్కడ రష్యాకు వీటో ఉంది. 2004లోనే సైప్రస్ యూనియన్‌లో చేరింది. టర్కీ గుర్తించని సైప్రస్‌కు నాటోతో భద్రతా ఒప్పందం లేదు కాబట్టి రహస్య పత్రాలు ఆ బల్ల మీదకు రాకూడదని టర్కీ అంటుంది. టర్కీకి యూరోపియన్ డిఫెన్స్ ఏజెన్సీతో ఏర్పాటు కుదరకుండా సైప్రస్ అడ్డుపడుతుంది. ఫలితంగా రెండు సంస్థల రాయబారులు లాంఛనంగా కలిసినప్పుడు ఎజెండాలో పెట్టగలిగేది ఆల్థియా ఒక్కటే. మిగతాదంతా, ఉక్రెయిన్ సహా, "అనౌపచారిక" సమావేశాల్లోనూ అధికారుల స్థాయి మాటల్లోనూ నడిపించుకుంటారు.